తాళం పడేలోగా

కుజుడి మీద అరుణపురంలో ఎవరికైనా కబురు పంపితే అది వెంటనే వెళ్లదు. ముందు దానికి తాళం పడాలి. అంతదాకా పంపినవారి తెర మీదా, అందుకోవలసినవారి తెర మీదా 'తాళం పడుతోంది' అని కనిపిస్తూ ఉంటుంది. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టేంత సేపు! జనం తిట్టుకుంటూనే అలవాటుపడిపోయారు.

దాన్ని బహిరంగ తాళం అంటారు. వేసే తాళంచెవి ఊరందరి దగ్గరా ఉంటుంది. తీసే చెవి మాత్రం కబురు అందుకునే మనిషి దగ్గరే. పాతకాలపు చిన్న తాళాలను క్వాంటమ్ యంత్రాలు చిటికెలో ఊడబీకేస్తుంటే, దీన్ని మహా బరువుగా తయారుచేశారు. ప్రత్యేక పరికరమంటూ లేదు కాబట్టి ఆ లెక్కంతా సాఫ్ట్‌వేరే చేయాలి. ఊరి ముసలి ప్రాసెసర్ రొప్పుతూ రోజుతూ అదే చేస్తోంది.

నళిని 'మెరుపు' అనే కొత్త ప్రాసెసర్ కనిపెట్టింది. రెండింటినీ పోల్చి చూడడానికి సగం ఊరిని కొత్తదాని మీదికి మార్చింది, తన లైనుతో సహా. ఫలితాలు చూసి పరిశోధనశాల పెద్ద జకరయ్య నోరు వెళ్లబెట్టాడు.

"ఓరి నాయనో! రెప్ప వేసేలోగా తాళం పడిపోతోందే! ఇంకా ఆలోచనేంటమ్మా? ఆ ముసలిదాన్ని రేపే పీకి పారేద్దాం."

నళిని పొంగిపోయింది. సరిగ్గా అప్పుడే చెల్లెలు లావణ్య కబురు వచ్చింది. లావణ్య ఉండేది అవతలి గుమ్మటంలో, అక్కడింకా పాత ప్రాసెసరే. నిన్న లావణ్య కూతురి బారసాల. పరీక్షలు ఆగిపోతాయని నళిని వెళ్లలేదు.

"నా బిడ్డకన్నా నీకు ఆ పెట్టెలే ఎక్కువయ్యాయా అక్కా?"

నళినికి ఒళ్లు మండింది. "అవును, ఎక్కువే. నాకసలు చెల్లెలే లేదనుకుంటాలే!" అని రాసి మీట నొక్కింది. వేలు తీసేలోగా కబురు వెళ్లిపోయింది.

అప్పుడు తెలిసొచ్చింది, ఎంత మాట అనేసిందో. అమ్మ పోయాక తన చేత్తో పెంచిన పిల్ల!

"సార్, అది ఎలాగైనా వెనక్కి తీయాలి!"

"తాళం పడ్డాక ఎవరి తరమమ్మా? చేసినదానివి, నీకు తెలీదా?" జకరయ్య జాలిగా చూశాడు. "పడేలోగా అయితే రద్దు చేసుకోవచ్చు. పాతదాని మీద మేమందరం చేసేది అదేగా. మా ఆవిడకు రాసినవి నేనెన్ని మింగేశానో!"

ఇంతలో తెర వెలిగింది. 'లావణ్య నుంచి కబురు. తాళం పడుతోంది.' కాసేపటికి 'రద్దు చేశారు' అని వచ్చింది. మళ్లీ తాళం, మళ్లీ రద్దు.

"మీ చెల్లి తిట్లు మింగుతోందే!" అన్నాడు జకరయ్య.

మూడోసారి తాళం పూర్తిగా పడింది. నళిని భయపడుతూనే తెరిచింది.

"కోపమొస్తే నోటికెంతొస్తే అంత అంటావు, చిన్నప్పట్నుంచీ చూస్తున్నదేగా. పాపని తీసుకుని వస్తున్నా. ఇంతకీ తిన్నావా?"

హమ్మయ్య! నళిని ఏడుస్తూనే నవ్వేసింది.

"మరి రిపోర్టులో ఏది గెలిచిందని రాద్దాం?" అని అడిగాడు జకరయ్య.

"వేగంలో మెరుపే సార్. కానీ ఆ ముసలిదాన్ని మాత్రం పీకకండి."

ముందు తన లైనును పాతదాని మీదికి మార్చుకుంది. "లేదే. నువ్వొచ్చాక కలిసి తిందాం" అని పంపింది. తాళం పడేంతసేపూ తెర ముందే కూర్చుంది. రద్దు మీట వైపు చూడనైనా లేదు.