కాన్వాస్‌ని మొదట అడిగినవాడు

జశ్వంత్‌కి నోరు ముందు నడుస్తుంది, బుర్ర తీరిగ్గా వెనకాల వస్తుంది. లేకపోతే టీమ్ మొత్తం చూసే గ్రూపులో "రేణుక గారి లైబ్రరీ పనిచేయట్లేదు" అని పొద్దున్నే పెట్టేస్తాడా?

రేణుక రాసింది చిన్న జావాస్క్రిప్ట్ లైబ్రరీ, అంటే టీమ్‌లో ఎవరైనా తెచ్చి వాడుకునే కోడ్. బ్రౌజర్‌లో బొమ్మ గీయాలంటే ముందు పేజీలో బొమ్మల పలకలాంటి కాన్వాస్‌ని అడిగి గీసే సరంజామా తెచ్చుకోవాలి. దాన్నే కాంటెక్స్ట్ అంటారు. అందరూ తంటాలు పడే ఆ పనిని ఆమె ఒక్క లైనులో తేల్చేసింది. ఎంత ముచ్చటగా రాసిందంటే, జశ్వంత్ పనిలేకపోయినా ఆ కోడ్ తెరిచి చదువుకునేవాడు. ఆ సంగతి మాత్రం ఏ గ్రూపులోనూ పెట్టలేదు మహానుభావుడు.

ఇప్పుడేమో ఆ లైబ్రరీ గీసే బొమ్మల వాన కురవాల్సిన స్క్రీన్ మీద చుక్క పడట్లేదు. మధ్యాహ్నం క్లయింట్ చూస్తారు. అప్పటికి కుదరకపోతే రేణుక లైబ్రరీ తీసేసి వేరేది పెడదామని మేనేజర్ మధుసూదన్ చెప్పేశాడు.

రేణుక కుర్చీ లాక్కుని జశ్వంత్ పక్కన కూర్చుంది. హఫీజ్‌పేట్ అమ్మాయి, కోపమొచ్చినా గొంతు పెంచదు. అందుకే అతనికి ఇంకా భయం. అతని కోడ్ చదువుతూ ఒకచోట ఆగింది.

"ఇదేందండి?"

"తేదీ కనపడాలని అదే కాన్వాస్ మీద ముందు నేను రాశానండి. టూడీ కాంటెక్స్ట్‌తో."

"నా వాన వెబ్‌జీఎల్ అనే వేరే కాంటెక్స్ట్ అడుగుతదండి. కాన్వాస్‌ను మొదట ఏది అడిగితే ఇగ అదే. తర్వాత ఇంకోటి అడిగితే ఇయ్యది."

తేదీ కోసం పైన వేరే కాన్వాస్ పెట్టింది. అంతే, స్క్రీన్ నిండా వాన. జశ్వంత్ నోరు తెరుచుకుని చూశాడు, వాననీ, ఆమెనీ. వెంటనే అదే గ్రూపులో "తప్పు నాది, లైబ్రరీ బంగారం" అని పెట్టాడు.

క్లయింట్‌కి నచ్చింది. లైబ్రరీ ఉండిపోయింది.

సాయంత్రం ఖాజాగూడ గుట్టల మీద నిజం వాన పడుతుంటే, ఇద్దరూ క్యాంటీన్‌లో చాయ్ దగ్గర చిక్కుకుపోయారు. ఊరికే ఆమె కోడ్ చదువుకుంటానన్న సంగతి అప్పుడు బయటపెట్టాడు. చెప్పాక ఇక ఆగలేకపోయాడు.

"మీరంటే నాకు చాలా ఇష్టమండి. మిమ్మల్ని ఇంతకుముందే ఎవరైనా అడిగేశారేమోనని భయంగా ఉంది."

రేణుక చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టింది.

"ఎవ్వరు అడగలే. మొదట నువ్వే అడిగినవ్. ఇగ వేరేటోళ్లకు ఎట్లిస్త?"

అండి పోయి నువ్వు వచ్చిందని గ్రహించేసరికి అతని చాయ్ చల్లారిపోయింది.

"ఇంట్ల నాయినకు నేను చెప్త," అంది ఆమె నవ్వుతూ. "నువ్వు జర గ్రూపుల పెట్టకు."