మలుపు దగ్గర కూర్చోకు

దగ్గరికి జరగండి. ఆ వెనకున్నవాళ్లు కూడా... దీపం కాస్త తగ్గించండి. ఇది గట్టిగా చెప్పుకునే సంగతి కాదు.

షినానో కొండల్లో మా గుడి వెనక, సమాధుల దగ్గర్నుంచి కిందికి దిగే రాతిమెట్లకి ఒక మలుపుంది. దేవదారు చెట్ల నీడలో అక్కడ పట్టపగలే చీకటి. నా అన్నవాళ్లు లేకుండా పోయినవాళ్ల సమాధిరాళ్లన్నీ ఆ మలుపులోనే గుట్టగా పేర్చారు. పేర్లు అరిగిపోయాయి. నీళ్లు పోసే దిక్కు లేదు. పొద్దుగూకే వేళ అక్కడ ఆగకూడదంటారు. ఆగినా — కూర్చోకూడదంటారు.

ఎందుకంటే, వేసవిలో ఓబోన్ పండక్కి, చనిపోయిన మనవాళ్లని ఇంటికి తెచ్చుకునేది వీపు మీదే కదా. సమాధికి వీపు తిప్పి గొంతుక్కూర్చుని, ఎక్కమంటాం. చేతులు వెనక్కి పెట్టి, బిడ్డని మోసినట్టు ఇంటిదాకా మోస్తాం. దారిలో వెనక్కి చూడం. దించం. మరి ఆ మలుపులో కూర్చుంటే... ఎవర్ని ఎక్కమన్నట్టు?

చిజురు తల్లి ఫుమియె మంచు రోజుల్లో పోయింది. ఒసాకాలో ఉద్యోగం చేసుకునే చిజురు కడచూపుకి అందుకోలేకపోయింది. అందుకే తల్లి తొలి పండక్కి తనే మోసుకొస్తానని పట్టుబట్టింది. తండ్రి షోహెయికి మోకాళ్లు పోయాయి. గుమ్మం ముందు జనపకట్టెలతో, పోయినవాళ్లకి దారి చూపే చిన్న మంట వేసుకుని కూర్చున్నాడు.

బయల్దేరుతుంటే పక్కింటి తొకి మామ్మ ఆపింది. "మీ అమ్మ ఏటా ఆ దిక్కులేని రాళ్లకి గరిటెడు నీళ్లు పోసేది. వాళ్లు నిన్ను అంటుకుంటారే అంటే వినేది కాదు. నువ్వైనా తలొంచుకుని దిగిరా. పట్నంలో ఉన్నదానివి, ఆ మాత్రం తెలివి ఉండే ఉంటుందిలే."

చిజురు అమ్మ సమాధి మీద నీళ్లు పోసింది. వీపు తిప్పి కూర్చుంది. "ఎక్కమ్మా," అంది. వీపుకి ఏదో ఆనింది... ఎండుటాకంత బరువు. ఆస్పత్రి మంచం మీద తీసిన ఆఖరి ఫోటోలో అమ్మ అంతే ఉంది.

మలుపు దగ్గరికొచ్చేసరికి, అంతవరకూ చెవులు హోరెత్తించిన కీచురాళ్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. కుడికాలి చెప్పు వారు పుటుక్కున తెగింది. తూలి, పడబోయి — గొంతుక్కూర్చుండిపోయింది.

వీపు ఆ రాళ్ల వైపే.

లేవబోతే... బరువు. మెడ మీద చల్లటి ఊపిరి. గొంతు చుట్టూ రెండు చిన్న చేతులు — తడిగా.

"నేనూ..."

దాన్ని వదిలించుకోవాలంటే మళ్లీ కూర్చుని దించాలి. దించితే — అమ్మ కూడా దిగిపోతుంది. అమ్మ పోయేనాడు ఎలాగూ తను పక్కన లేదు. ఇప్పుడు నడిదారిలో వదిలెయ్యడమా? పళ్లు బిగించి, బుద్ధదేవుడి పేరు తలుచుకుంటూ, ఒంటిచెప్పుతో దిగింది. మెట్టు మెట్టుకీ బరువు పెరుగుతోంది. వెన్ను మీద నీళ్లు కారుతున్నాయి... ఆకాశంలో మబ్బు తునక లేదు.

మంట దాటి, పూజ పెట్టిన గదిలో కూర్చుంది. "దిగమ్మా."

ఎండుటాకు దిగింది. కాసేపాగి — రెండోది దిగింది.

చాప మీద, అమ్మకని వేసిన ఆసనం పక్కన, రెండు బుల్లి పాదాల తడి.

షోహెయి చూశాడు. ఉలిక్కిపడలేదు. గోడ పట్టుకుని వంటింట్లోకెళ్లి, రంగు వెలిసిన చిన్న చెక్కగిన్నె ఒకటి తెచ్చి అక్కడ పెట్టాడు. ఆ గిన్నెని చిజురు ఆ ఇంట్లో ఎన్నడూ చూడలేదు.

"నువ్వు పట్నం వెళ్లినప్పట్నుంచీ, ఏటా ఈ బిడ్డని మీ అమ్మే మోసుకొచ్చేది," అన్నాడు మెల్లగా. "నువ్వు పండక్కి ఎప్పుడొచ్చావు గనక, తెలియడానికి? ఈసారి తనే వీపెక్కి రావాల్సొచ్చె... నీ చెప్పు తెంపింది ఆవిడే అయ్యుంటుంది."

పండగ ముగిసిన సాయంత్రం చిజురు ఇద్దర్నీ కొండ మీదికి మోసి దించింది. తిరిగొస్తూ మలుపు దగ్గర ఆగి, అన్నిటికన్నా చిన్న రాయి మీద బాల్చీలోంచి గరిటెడు నీళ్లు పోసింది.

నీళ్లు కిందికి కారలేదు. ఒక్క చుక్క కూడా.

రాతిలోంచి... గటగటా తాగిన చప్పుడు.

ఆ వెంటనే కీచురాళ్లు ఆగిపోయాయి. చుట్టూ ఉన్న రాళ్లన్నీ తన వైపే తిరిగినట్టు అనిపించింది. చిజురు బాల్చీలోకి చూసుకుంది. అడుగున రెండు గరిటెల నీళ్లున్నాయి. రాళ్లు మాత్రం — నూటికి పైనే.

ఇళ్లకెళ్లాక కథ మరిచిపోయినా ఫరవాలేదు, తల్లుల్లారా. ఈ ఒక్కటీ మరవకండి. మీవాళ్ల రాయి తడిపాక, ఎవరూ లేని పక్క రాయినీ తడపండి. ఏటా తడపండి.

బాల్చీ మాత్రం నిండా తీసుకెళ్లండి.