ఏడో తరగతి టాబ్లెట్

ఉదయం తొమ్మిదీ పది. ఏడో తరగతి గదిలో ఇనప బీరువా బార్లా తెరిచి ఉంది. పై అరలో ఒక టాబ్లెట్ ఉంది. కింది అరలో ఉండాల్సింది లేదు. తాళం మీద చిన్న గీత కూడా పడలేదు.

తరగతిలో నలభై మంది పిల్లలు. వాళ్లకి కొనాల్సిన టాబ్లెట్ ఏదో తేల్చడానికి రెండు కంపెనీల నమూనాలు తెప్పించి, వారం రోజులు పిల్లల చేతే వాడించారు. పది గంటలకు కమిటీ కూర్చుని ఒకదాన్ని ఖాయం చేయాలి.

"దొంగ దొరికినట్టేనండీ," అన్నాడు హెడ్మాస్టర్. "తాళంచెవి కంప్యూటర్ టీచర్ దగ్గరే ఉంటుంది. కమిటీ రాగానే ఆవిడని సస్పెండ్ చేసేస్తాం."

ఆ తొందర పోలీస్ ఇన్‌స్పెక్టర్‌కు నచ్చలేదు. ఆవిడ టీచర్ వైపు తిరిగింది. ఏడ్చి ఏడ్చి ఆ అమ్మాయి కళ్లు ఎర్రబడ్డాయి.

"చివరిసారి ఎప్పుడు చూశావమ్మా?"

"నిన్న మూడూ నలభైకి మేడమ్. ఫోటో తీసి, బీరువాలో పెట్టి తాళం వేశాను."

"ఫోటో ఎందుకు?"

"ఆఖరి పీరియడ్‌లో ఓ పాప చేతిలో అది కాలిపోయేంత వేడెక్కింది. అరచెయ్యి బొబ్బలెక్కింది. పాపని ఆసుపత్రికి తీసుకెళ్తూ సార్‌కి ఫోన్ చేశాను. కమిటీకి ఆ టాబ్లెట్టే చూపిద్దామనుకున్నాను. ఇప్పుడు నా మాట ఎవరు నమ్ముతారు?"

పై అరలోది నిక్షేపంగా పనిచేస్తోంది. దాన్ని వదిలేసి, పిల్ల చెయ్యి కాల్చినదాన్ని ఏ దొంగ ఎత్తుకుపోతాడు?

"ఫోన్ వచ్చిందా హెడ్మాస్టర్ గారూ?"

"వచ్చింది. వేడెక్కిందంది, అంతే. నేను నిన్న మధ్యాహ్నం నుంచీ బయట మీటింగులో ఉన్నాను. పొద్దున ఎనిమిదింటికి వచ్చేసరికే కింది అర ఖాళీ."

"అంటే దాన్ని మీరు తర్వాత చూడలేదు."

"కంటితో చూస్తే ఒట్టు!"

ఇన్‌స్పెక్టర్ ఫిర్యాదు తీసింది. అది హెడ్మాస్టర్ ఎనిమిదీ పదిహేనుకు రాసిచ్చింది.

"ఒక్క గడి కూడా ఖాళీ వదల్లేదే!"

హెడ్మాస్టర్ పొంగిపోయాడు. "గడి ఖాళీగా ఉంటే నాకు తోచదండీ. అలాంటి కాగితాలు టీచర్ల మొహానే కొడతాను."

"పోయిన వస్తువు గుర్తుల గడిలో 'వెనక మూత ఉబ్బి ఉంది' అని రాశారు."

"అవును."

ఆవిడ టీచర్ ఫోన్ అతని ముందు పెట్టింది. ఫోటో మీద టైము మూడూ నలభై. వెనక మూత పలకలా చదునుగా ఉంది.

"బ్యాటరీ పాడై, రాత్రి బీరువాలోనే ఉబ్బినట్టుంది. ఉబ్బిన మూతని చూడగలిగింది, దాన్ని అక్కణ్నుంచి తీసినవాడే. రెండో తాళంచెవి మీ దగ్గరే ఉండాలి కదూ?"

అతని చెయ్యి గబుక్కున కారు తాళాలున్న జేబు మీదకి పోయింది.

ఎనిమిది నిమిషాల్లో కానిస్టేబుల్ అతని కారు డిక్కీలోంచి టాబ్లెట్‌ను ఇసుక బకెట్‌లో పెట్టి తెచ్చాడు. మూత ఉబ్బే ఉంది. అప్పటికి కమిటీవాళ్లు కూడా గుమ్మంలోకి వచ్చేశారు.

"ఆ కంపెనీ సరుకు తెచ్చేది మా బామ్మర్దండీ," నసిగాడు హెడ్మాస్టర్. "కాళ్లావేళ్లా పడ్డాడు. చిన్న బొబ్బే కదా! పిల్లలు రెండ్రోజుల్లో మర్చిపోతారు."

ఛీ! వీడి నోటితోనా రోజూ పిల్లలకు నీతులు చెప్పించేది! ఇన్‌స్పెక్టర్ బకెట్ అతని ముందుకు జరిపింది.

"జీపు వచ్చేదాకా దీన్ని మీరే పట్టుకోండి."

అతను ఎగిరి గోడకు కరుచుకుపోయాడు. "అమ్మో! పేలితేనో?"

టీచర్ కళ్లు తుడుచుకుంది.

"నలభై మంది పిల్లల చేతుల్లో పెడదామనుకున్నది దీన్నే కదా సార్."