డెబ్బై ఎనిమిది కిలోల ఉయ్యాల

"మీ బరువెంత?"

పరిచయమైన అయిదో నిమిషంలో ఏ అమ్మాయైనా అడిగే ప్రశ్నేనా ఇది? బేకరీ అబ్బాయి గుండె గుభేలుమంది. చెట్ల మధ్య కట్టుకుని పడుకునే హ్యామక్ ఒకటి కొందామని క్యాంపింగ్ షాపులోకి దూరాడు పాపం. కౌంటర్ వెనక ఇలాంటి అమ్మాయి ఉంటుందని ముందే తెలిస్తే, కనీసం పిండి అంటిన చొక్కా మార్చుకుని వచ్చేవాడు.

"బరువెందుకండీ?"

"వయసు దగ్గర అబద్ధమాడినా పర్లేదు, ఇక్కడ బరువు దగ్గర వద్దు. రంగు కంటే ముందు అది ఎంత మోస్తుందో చూడాలి."

పొట్ట లోపలికి లాక్కున్నాడు. నిజం తొంభై ఆరు. నోట్లోంచి ఊడిపడింది మాత్రం, "డెబ్బై ఎనిమిది."

శాంపిల్ హ్యామక్‌లో పడుకున్న ఆ అమ్మాయి వాళ్ళ బామ్మ లేచి కూర్చుని మరీ ఇతన్ని ఎగాదిగా చూసింది. అమ్మాయి ఆ అంకెనే రాసుకుంది.

"అయితే ఎనభై దాకా ఆగేది చాలు," అంటూ ఆకుపచ్చది తీసింది. "చెట్టుకి కట్టే పట్టీలు వెడల్పువి తీసుకోండి, బెరడు కోసుకుపోదు. వానకి పైన టార్ప్, అదే టార్పాలిన్. మరీ బిగించి కట్టకండి. ఐమూలగా పడుకుంటే నడుం వంగదు."

బుద్ధిమంతుడిలా తలూపాడు. ఒక్క ముక్క బుర్రకెక్కితే ఒట్టు.

"ఆదివారం కొత్తవాళ్ళని తోటకి తీసుకెళ్తున్నా. హ్యామక్‌లో గంటసేపు పడుకున్నవాళ్ళకే వచ్చే నెల కొండ మీద మూడు రోజుల ట్రిప్పు."

"ఆ ట్రిప్పుకి మీరూ..."

"నేనే తీసుకెళ్తా."

మూడు రోజులు! ఎగిరి గంతేసినంత పనిచేసి పేరు రాయించుకున్నాడు. సంచి సర్దుకొస్తానని ఆమె లోపలికెళ్ళింది. అంత చిన్న సంచికి పది నిమిషాలెందుకు పట్టిందో ఆలోచించే స్థితిలో లేడు మహానుభావుడు.

ఆదివారం వాన. అందరూ టార్పుల కింద హాయిగా ఊగుతుంటే, ఇతనొక్కడూ తన హ్యామక్ పక్కన కాపలా కాస్తున్నట్టు నిలబడ్డాడు. పడుకుంటే అది చిరిగి పరువు పోతుంది. పడుకోకపోతే ట్రిప్పు పోతుంది.

"పడుకోరేం?"

"నడుం పట్టేసిందండీ."

అరగంటకి మళ్ళీ వచ్చింది. "పోనీ కూర్చోండి."

"నించుంటేనే వాన బాగా కనిపిస్తోంది."

"సరే, లిస్టులోంచి మీ పేరు కొట్టేస్తున్నా." పెన్ను తీసింది.

"తొంభై ఆరు!" అరిచేశాడు. పక్క హ్యామక్‌ల్లోంచి తలలు లేచాయి. "తొంభై ఆరు కిలోలండీ నేను. మీరడిగేసరికి సిగ్గేసింది. మీరు నచ్చారు, మీ ముందు సన్నగా ఉండాలనిపించింది, అదీ అసలు సంగతి. ఇక కొట్టెయ్యండి."

ఆమెకి నవ్వాగలేదు. "మైదా బస్తాలాంటి మనిషొచ్చి డెబ్బై ఎనిమిదంటే నమ్మడానికి నాకు కళ్ళు లేవా? ఆ రోజే లోపల దాన్ని తీసేసి అదే రంగుది పెద్దది పెట్టేశా. ఇది నూట అరవై మోస్తుంది."

"మరి ఇంతసేపూ నన్ను నిలబెట్టారేంటండీ!"

"నిజం ఎప్పుడు చెప్తావా అని చూశా. నువ్వు చెప్పకపోతే నాకే బాధేసేది."

ఆ 'నువ్వు' వినగానే ఇతనికి కాళ్ళ నొప్పి ఎగిరిపోయింది. హ్యామక్‌లో కూలబడ్డాడు. అది చిరగలేదు. జరిగి చోటిచ్చాడు.

"మీదెంత?"

"యాభై అయిదు."

వేళ్ళ మీద లెక్కేశాడు. "బ్రహ్మాండంగా ఆగుతుంది, రండి."

ఆమె కూర్చుంది. పట్టీలు కిర్రుమన్నాయి. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు.

"అరవై మూడు," అంది ఆమె, వాన వైపు చూస్తూ.

"పర్లేదులెండి," అన్నాడు. "ఇంకా ఒక కిలో మిగిలింది."