గురువారం నవ్వులు

పొద్దున్నే వెల్లుల్లి వేసి రాత్రి మిగిలిన అన్నం వేయిస్తోంది జోవెలిన్. ఎండుచేపల వాసన ఇల్లంతా కమ్ముకుంది. పక్కగదిలో ఆమె తల్లి నోరా బీరువా సొరుగులు ఒక్కొక్కటే లాగి చూస్తోంది. వెతకనీ, అనుకుంది జోవెలిన్. పాస్‌పోర్టు బీరువాలో ఉంటే కదా. అది వంటింట్లో, బియ్యం డబ్బా అడుగున, ప్లాస్టిక్ సంచీలో చుట్టి ఉంది. దాచింది జోవెలినే.

నోరా ఫిలిప్పీన్స్‌లోని ఈ ఇలోయిలో అనే ఊరికి తిరిగొచ్చి ఇంకా ఏడాది కాలేదు. జోవెలిన్ బడిలో చేరిన ఏడు మాడ్రిడ్‌కి వెళ్ళింది. అక్కడ పరాయి ఇళ్ళలోనే ఉండి, పరాయి పిల్లల్ని నిద్రపుచ్చి, ముసలివాళ్ళకి స్నానాలు చేయించి, మోకాళ్ళు అరిగాక వచ్చింది. అప్పటికి జోవెలిన్‌ను పెంచిన అమ్మమ్మ పోయింది. జోవెలిన్‌కి పెళ్ళయింది. ఇప్పుడు నెలలు నిండాయి. తొలి కాన్పుకి తల్లి పక్కన ఉంటుందన్న ఒక్క ఆశనే ఆ పిల్ల ఎవరికీ చెప్పకుండా దాచుకుంది.

అంతలో మాడ్రిడ్ నుంచి కబురొచ్చింది. నోరా స్నేహితురాలు దోరింగ్‌కి కడుపులో రాచపుండు ముదిరిందట, డాక్టర్లు చేతులెత్తేశారట. దోరింగ్ పెళ్ళి చేసుకోలేదు. దూరం నుంచే తమ్ముడి పిల్లల్ని చదివించింది. వాళ్ళలో ఒక్కడు కూడా ఇప్పుడు ఆవిడ కోసం బయల్దేరలేదు. నోరా ఎవరినీ అడక్కుండా టికెట్ కొనేసింది.

పోనీలే, పెద్దావిడ, వెళ్ళి రానీ అన్నాడు జోవెలిన్ మొగుడు ఆర్నెల్. పెళ్ళాం చూసిన చూపుకి, టిఫిను కూడా తినకుండా మోటారుసైకిలెక్కి పనికి పోయాడు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర నోరా నేరుగానే అడిగింది.

"జోవీ, నా పాస్‌పోర్టు నువ్వు తీశావా?"

"తీశాను."

తల్లి అరుస్తుందనుకుంది. నోరా అరవలేదు. చేపముల్లు తీసి పళ్ళెం అంచున పెట్టింది. ఆ నిదానం చూస్తే జోవెలిన్‌కి ఒళ్ళు మండిపోయింది.

"అమ్మమ్మ పోయినప్పుడు సెలవు దొరకలేదన్నావు. శవపేటిక పక్కన జాగారమంతా నేనొక్కదాన్నే చేశాను. ఇప్పుడు ఎవరో దోరింగ్ కోసమైతే విమానం దొరికింది."

"అప్పటికి నాకు అక్కడ ఉండే కాగితాలు రాలేదే. నేను ఇక్కడికి వచ్చుంటే మళ్ళీ ఆ దేశంలోకి రానిచ్చేవాళ్ళు కాదు. పని పోయేది."

"నీకు ఎప్పుడూ ఏదో ఒకటి పోయేది. పోయినా ఫరవాలేనిది మేమొక్కళ్ళమే."

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ కడుపులో ఏళ్ళ తరబడి పులిసిన మాట ఒకసారి కదిలితే ఆగదు. జోవెలిన్ ఫోన్ల సంగతి ఎత్తింది.

మాడ్రిడ్‌లో ఇళ్ళలో ఉండి పనిచేసే ఆడవాళ్ళకి గురువారం మధ్యాహ్నం నుంచి సెలవు. ఆ పూట నడుం వాల్చడానికని నోరా, దోరింగ్, లూడీ, ఇంకొకావిడ కలిసి ఓ ఇరుకు వాటా అద్దెకు తీసుకున్నారు. అక్కణ్ణుంచే ఇళ్ళకి ఫోన్లు. ఇక్కడ రాత్రి భోజనాలయ్యాక అమ్మమ్మ ఫోను తెచ్చి పిల్ల చెవికి ఆనించేది. తిన్నావా, బడికెళ్ళావా అని తల్లి అడిగీ అడగకముందే, వెనక నుంచి ఆడవాళ్ళ నవ్వులు విరగబడేవి. ప్రతి గురువారం అంతే. చెప్పాలని వారమంతా కూడబెట్టుకున్న మాటలు ఆ పిల్ల గొంతులోనే ఉండిపోయేవి. స్పెయిన్‌లో మీ అమ్మ ఏం చేస్తుందని బడిలో ఎవరో అడిగితే, "నవ్వుతుంది" అని చెప్పింది ఒకసారి.

"నాకు జ్వరమొస్తే నవ్వారు. అమ్మమ్మ పోయిందని నేను చెప్పిన రోజు కూడా నవ్వారమ్మా. గుర్తుందా నీకు?"

నోరా పళ్ళెం పక్కకి జరిపింది. ఆ నవ్వుల సంగతి చెప్పింది. వెళ్ళిన కొత్తలో ఫోనులో తను ఏడ్చేసిందట. అది విని పిల్ల ఏడ్చి ఏడ్చి అన్నం మానేసిందని అమ్మమ్మ మరుసటి వారం చెప్పిందట. ఇక ఫోన్ చెయ్యనని నోరా మూల కూర్చుంటే, దోరింగ్ చెయ్యి పట్టుకుని లేపింది. నువ్వు మాట్లాడగలిగినంత మాట్లాడు, గొంతు పూడుకుపోతే మేం నవ్వుతాం, ఏడుపు వినపడదు, అమ్మ సుఖంగా ఉందనుకుంటుంది పిల్ల, అంది. అప్పట్నుంచి ఆ వాటాలో అదే పద్ధతి. ఎవరు ఇంటికి ఫోన్ చేసి ఏడ్చినా మిగతావాళ్ళు నవ్వాలి.

"వాళ్ళు లేకపోతే నేను మొదటి నెలలోనే తిరిగొచ్చేసేదాన్ని."

"వచ్చేసుంటే బాగుండేది."

"నాకూ చాలాసార్లు అనిపించింది," అంది నోరా. "కానీ దాని చెయ్యి పట్టుకునే నీతో మాట్లాడాను జోవీ, అన్నేళ్ళూ. ఇప్పుడు దాని చెయ్యి పట్టుకునేవాళ్ళు కావాలి."

కథలు బాగానే అల్లుతున్నావని జోవెలిన్ పళ్ళెం తీసుకుని లేచిపోయింది. నమ్మలేదు. నమ్మితే ఇన్నేళ్ళ కోపాన్ని ఏం చేసుకోవాలో తెలియదు ఆమెకి.

దీపాలు వేసే వేళకి ఫోను మోగింది. మాడ్రిడ్‌లో అప్పుడు మధ్యాహ్నం. లూడీ చేసింది, ఆసుపత్రి నుంచి. నోరా ఫోనుని నీళ్ళ కూజాకి ఆనించి ఎదురుగా కూర్చుంది. జోవెలిన్ పొయ్యి దగ్గరే అటు తిరిగి నిలబడింది.

"నోరా, పిల్లకి కాన్పయిందా?" దోరింగ్ గొంతు సన్నగా వినిపించింది.

"ఇంకా లేదే."

"అయితే రావద్దు. పిల్ల దగ్గరే ఉండు. నాకేం, నేను ఇక్కడ హాయిగా..."

మాట తెగింది. అంతలో ఆ గదిలో నవ్వులు విరగబడ్డాయి. ఒకటి బొంగురు నవ్వు, ఇంకొకటి చివర ఎక్కిళ్ళు పడే నవ్వు. జోవెలిన్‌కి ఆ నవ్వులు కొత్తా? చావబోయే మనిషి పక్కన కూడానా అని పళ్ళు కొరుకుతూ బల్ల దగ్గరికొచ్చింది. తెర మీదకి చూసింది.

చిన్నప్పుడు ఆ ఫోన్లలో బొమ్మ కనపడేది కాదు. ఇప్పుడు కనపడింది. మంచానికి చెరోపక్క ఇద్దరు నడివయసు ఆడవాళ్ళు. నోళ్ళు బార్లా తెరిచి నవ్వుతున్నారు. చెంపల మీద నీళ్ళు ధారగా కారుతున్నాయి. దుప్పటి కింద దోరింగ్ ఏడుస్తోంది.

ఇవతల నోరా ఏదో చెప్పబోయింది. మాట రాలేదు. భుజాలు ఎగిసిపడుతున్నాయి. అవతల దోరింగ్ ఎదురుచూస్తోంది. ఈ ఇంట్లో నోరా కోసం నవ్వేవాళ్ళు ఎవరూ లేరు.

జోవెలిన్ నవ్వింది. మొదట దగ్గులా వచ్చింది. తర్వాత గట్టిగా, ఇంకా గట్టిగా నవ్వింది. నవ్వుతూనే బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి కెలికింది. బియ్యం నేలంతా ఒలికాయి.

"ఎవరే అక్కడ నవ్వేది?" అంది దోరింగ్.

అప్పటికి నోరాకి గొంతొచ్చింది. "మా అమ్మాయి."

ఫోను పెట్టేశాక జోవెలిన్ పాస్‌పోర్టు దులిపి బల్ల మీద పెట్టింది. నోరా దాన్ని ముట్టుకోలేదు. కింద కూర్చుని ఒలికిన బియ్యం పోగుచేస్తూ, "దోరింగే రావద్దంది కదే," అంది.

"ఆవిడ ఏడుస్తూ అంది ఆ మాట. నేను విన్నాను. వెళ్ళు." జోవెలిన్ పొట్ట మీద చెయ్యి వేసుకుని కుర్చీలో కూలబడింది. "నీ మీద కోపం మాత్రం పోలేదు. పోతుందో లేదో కూడా తెలీదు."

"మరి నీ కాన్పు?"

"నొప్పులు మొదలైతే ఫోన్ చేస్తాను," అంది జోవెలిన్. "నేను ఏడుస్తుంటే, అక్కడ అందరూ కలిసి నవ్వండి."