రంగు వేయని కిటికీ

ఎల్బన్ రోడ్డులో అడుగుపెట్టిన మొదటిరోజే కోరిన్ టాలివర్ ఒక చెక్కకు చెయ్యి ఊపింది.

పాపం, తప్పు ఆమెది కాదు. సన్నగా వాన పడుతోంది. కారు అద్దంలోంచి చూస్తే 1840 నంబరు ఇంటి కిటికీలో ఒకావిడ తెర పక్కకి జరిపి నిలబడి ఉంది. కోరిన్ మర్యాదగా నవ్వి చెయ్యి ఊపింది. ఆవిడ నవ్వలేదు. కోరిన్ మళ్ళీ ఊపింది. ఆవిడ మొహమ్మీద వాన చుక్కలు జారుతున్నాయి, అయినా రెప్ప వెయ్యదు. అప్పుడు చూసింది కోరిన్, గాలికి చెట్టు కొమ్మలన్నీ ఊగుతున్నా ఆ కిటికీ తెర మాత్రం కదలడం లేదని. 

పైనుంచి నవ్వు వినిపించింది. పక్కింటికి ఆనించిన నిచ్చెన మీద ఒకతను బ్రష్ పట్టుకుని ఉన్నాడు.

"ఎంతసేపు ఊపినా ఆవిడ పలకదండీ. పోయి మూడేళ్ళయింది."

"పోయిన మనిషిని కిటికీలో నిలబెట్టారా!"

"నేనేం నిలబెట్టలేదు. కిటికీకి కొట్టిన చెక్క మీద రంగేశాను, అంతే. ఖాళీ ఇల్లని తెలిస్తే దొంగలు రాగి గొట్టాలు పీక్కుపోతారు, కొనేవాళ్ళు కారు తిప్పుకుని పోతారు. మనిషున్నట్టు కనిపిస్తే వీధికి కాస్త ధైర్యం." అతను నిచ్చెన దిగి చెయ్యి తుడుచుకున్నాడు. "ఆంటన్ జలార్. షాపుల బోర్డులు రాస్తాను. మీరు?"

"కోరిన్ టాలివర్. సిటీ ప్లానింగ్ ఆఫీసు. ఖాళీ ఇళ్ళ సర్వేకి వచ్చాను."

అతని నవ్వు ఠక్కున ఆగిపోయింది. "ఓహో! ఇళ్ళు కూల్పించే మేడమ్ మీరేనా?"

"దయ్యాలకి రంగులేసే మేస్టారు మీరేనా?" అంది కోరిన్, ఏమాత్రం తగ్గకుండా.

అదీ వాళ్ళ పరిచయం.

క్లీవ్‌లాండ్ పొలిమేర దాటగానే వచ్చే హార్లన్ హైట్స్‌లో ఒకప్పుడు ముప్పై వేలమంది ఉండేవారు. ఇప్పుడు పధ్నాలుగు వేలు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఊరు ఏటా కొంచెం కొంచెంగా చిక్కిపోయింది. ఇప్పుడు ఊళ్ళో అందరూ రెండు పార్టీలు. ఖాళీ ఇళ్ళు బాగుచేసి కొత్తవాళ్ళని పిలుద్దాం, ఊరు మళ్ళీ పెరుగుతుంది అనేది ఒక పార్టీ. ఇక పెరగదు, ఖాళీ ఇళ్ళు కూల్చేసి, ఖాళీ వీధుల్లో దీపాలు ఆపేసి, ఉన్నవాళ్ళని ఒకచోటికి చేర్చి చిన్న ఊరుగా బతుకుదాం అనేది రెండోది. ఈ రెండో ప్లాన్ రాసింది కోరినే. రెండేళ్ళు కూర్చుని రాసింది. ఆంటన్ మొదటి పార్టీ మనిషి.

సర్వే చెయ్యడానికి ఆఫీసుకో పద్ధతి ఉంది. కారు దిగక్కర్లేదు. మెల్లగా నడుపుతూ, ఇంటిని చూసి, కాగితం మీద గుర్తు పెట్టడమే. అలా ప్రతి మంగళవారం సాయంత్రం ఆమె వచ్చేది. ప్రతి మంగళవారం ఆంటన్ ఏదో ఒక నిచ్చెన మీద తగిలేవాడు. కావాలని తగిలేవాడని మూడో వారానికి ఆమెకి అర్థమైంది. అర్థమయ్యాక కూడా దారి మార్చుకోలేదు.

"ఒళ్ళు తగ్గితే చొక్కా బిగించి కుట్టించుకుంటాం కదా? ఊరికీ అంతే," అనేది కోరిన్. "ముప్పై వేలమందికి వేసిన నీళ్ళ గొట్టాలు పధ్నాలుగు వేలమంది ఎలా మోస్తారు?"

"చొక్కా కత్తిరించండి మేడమ్, కాదన్నానా? చేతులున్నాయో లేవో చూసుకుని కత్తిరించమంటున్నా."

"మీరు బొమ్మలకి చేతులేసి అవి నిజం చేతులంటున్నారు."

"మరి మీరెందుకు వచ్చినప్పుడల్లా వాటికి చెయ్యి ఊపుతారో!"

 ఆ వీధిలో అదో అలవాటైపోయింది. పోస్ట్‌మ్యాన్ ఊపుతాడు, స్కూల్ బస్సు డ్రైవరు హారన్ కొట్టి మరీ ఊపుతాడు. చిత్రమేమిటంటే బతికున్నవాళ్ళకి మాత్రం ఎవరూ ఊపరు, ఎందుకంటే వాళ్ళు కనిపించరు. సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడే నవంబరులో వీధి చివర దీపాలు వెలగవు. లేళ్ళు అడవిలోంచి వచ్చి ఇళ్ళ ముందు నిలబడి చూస్తుంటాయి. చెక్కల మీద వాన పడుతుంటే లోపల ఎవరో వేళ్ళతో తడుతున్నట్టే ఉంటుంది.

కౌన్సిల్ ఓటింగు గురువారం సాయంత్రం ఏడింటికి. లిస్టులో అరవై ఒక్క ఇళ్ళు. ఓటు పడితే డిసెంబరులో బుల్‌డోజర్లు వస్తాయి.

ఆ గురువారం నాలుగింటికే కోరిన్ ఆఖరిసారి వీధి చూడ్డానికి వచ్చింది. వాన జోరుగా ఉంది. ఆంటన్ డోనట్ల డబ్బా చంకలో పెట్టుకుని, తడిసి ముద్దయి, అడక్కుండానే కారెక్కి కూర్చున్నాడు.

"శత్రువుకి లంచం," అన్నాడు డబ్బా తెరుస్తూ.

"దాల్చినచెక్కవే తెచ్చావా? అయితే లంచం ఒప్పుకున్నట్టే." ఎప్పుడు 'నువ్వు'లోకి వచ్చారో ఇద్దరికీ గుర్తు లేదు. "సరే, నేనూ ఒకటి ఒప్పుకుంటా. నీ బొమ్మలన్నిట్లో 1862 నంబరు ఇంట్లోదే గొప్పది. గోధుమరంగు కోటు, ఈకపెట్టిన టోపీ. ఆ ఇంటి ముందు మాత్రం నాకు తెలియకుండానే కారు స్లో అయిపోతుంది."

ఆంటన్ నమలడం ఆపేశాడు.

"1862 లోనా? నేను 1858 దగ్గరే ఆపేశాను కదా. రంగు అయిపోయింది."

"పోనిద్దూ, ఆటపట్టించకు. మొన్న మంగళవారం కొత్తగా చేతిలో కప్పు కూడా వేశావుగా."

"కోరిన్." అతని గొంతు మారింది. "నేను వెయ్యలేదు."

 కోరిన్ ఒళ్ళోంచి లిస్టు తీసింది. 1862: ఖాళీ. పై అంతస్తుకి చెక్కలు. కింది కిటికీకి బొమ్మ. ఆమె చేతిరాతే. 

ఇద్దరూ గొడుగైనా లేకుండా దిగి నడిచారు. 1862లో కోటావిడ ఎప్పట్లాగే ఉంది. కప్పు లేదు. కళ్ళు వీధి వైపు, రెప్ప పడకుండా. ఆంటన్ పొదలు తప్పించుకుంటూ వెళ్ళి కిటికీ మీద అరచెయ్యి పెట్టాడు.

"చెక్క కాదు," అన్నాడు నెమ్మదిగా. "అద్దం."

కోరిన్ పక్కకి వచ్చి దగ్గరగా చూసింది. ఆ మొహానికి ఎదురుగా అద్దం మీద చిన్న ఆవిరి మచ్చ ఉంది. ఆమె చూస్తుండగా అది పెద్దదయింది, చిన్నదయింది. మళ్ళీ పెద్దదయింది. అద్దానికి లోపలివైపు.

ఆ కళ్ళు మెల్లగా వీధిని వదిలి ఆమె వైపు తిరిగాయి.

కోరిన్ కెవ్వుమని అరిచి ఆంటన్ చెయ్యి పట్టుకుంది.

"ఎందుకమ్మాయ్ ఆ అరుపు? నా చెవులింకా బాగానే ఉన్నాయి," అంది అద్దం వెనకనుంచి ఒక గొంతు. "గుమ్మం వెనక వైపు. కాళ్ళు తుడుచుకుని రండి."

ఆవిడ పేరు ఒడెస్సా పికెన్స్, ఎనభై ఒకటో ఏడు. పైకప్పు కారుతుందని మేడమీద కిటికీలకి చెక్కలు కొట్టించేసి, కింద ముందుగదిలో చిన్న కరెంటు హీటరు పెట్టుకుని ఉంటోంది. చలికి ఇంట్లో కూడా కోటు, టోపీ. ఆదివారం చర్చి వ్యాను వెనక గుమ్మానికే వచ్చి తీసుకెళ్తుంది, సరుకులూ వాళ్ళే తెస్తారు.

"మరి ఎప్పుడూ కదలరేంటండీ మీరు?" ఆంటన్ అడిగాడు. ఇంకా ఊపిరి కుదుటపడలేదు అతనికి.

"అదా! కిందటేడు నువ్వు వచ్చి పక్కిళ్ళకి బొమ్మలేశావు చూడు, అప్పట్నుంచి జనం కిటికీలకి చెయ్యి ఊపడం మొదలెట్టారు. నాక్కూడా ఊపారు. పదేళ్ళలో నాకెవరూ ఊపలేదబ్బాయ్. ఓసారి పోస్ట్‌మ్యాన్ ఊపితే నేనూ ఊపాను. పాపం, సంచీ అక్కడే పడేసి వీధి చివరిదాకా పరుగో పరుగు! ఆ తర్వాత నెల్లాళ్ళు ఎవరూ ఇటు చూస్తే ఒట్టు. అందుకే ఇంక కదలడం మానేశా. బొమ్మ అనుకుంటే అనుకోనీ, పలకరింపైతే వస్తుంది కదా."

కోరిన్‌కి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తడిసిన లిస్టు బల్ల మీద పెట్టింది.

"మిస్సెస్ పికెన్స్, మీ ఇల్లు కూల్చేవాటిలో ఉంది. రాసింది నేనే. మిమ్మల్ని బొమ్మ అనుకున్నాను."

ఆవిడ కాగితాన్ని చాలాసేపు చూసింది. టోపీ సర్దుకుంది.

"నన్ను చాలామంది చాలా అనుకున్నారు. ఇదొక్కటే కొత్తది," అంది. కాగితాన్ని కోరిన్ వైపు జరిపింది. "నేనీ ఇల్లు వదిలి పోలేనమ్మా. ఎక్కడికి పోతాను?"

ఇద్దరూ బయటికి వచ్చారు. కోరినే అంది, "ఇంకేం, నువ్వు గెలిచినట్టే. నా లిస్టు తప్పని మీటింగులో చెప్పు. రెండేళ్ళ ప్లాను నీళ్ళపాలు."

"నా బొమ్మలే లేకపోతే నువ్వావిణ్ణి మనిషనే అనుకునేదానివి," అన్నాడతను. "బతికున్న వీధిలా కనబడాలని, బతికున్న మనిషినే మాయం చేశాను. గెలుపేంటి ఇందులో? పోనీ, నేనే చెప్పనా?"

"వద్దు. రాసింది నేను."

కౌన్సిల్ హాలు కిక్కిరిసి ఉంది. కోరిన్ మైకు ముందుకు వెళ్ళింది. 

"నా లిస్టులో అరవై ఒక్క ఇళ్ళున్నాయి," అంది. "అందులో ఒకదాంట్లో మనిషి ఉంది. నేను ఆవిడకి ఆరు వారాలు చెయ్యి ఊపాను, ఒక్కసారి కూడా కారు దిగలేదు. మిగతా అరవైలో ఎంతమంది ఉన్నారో నాకు తెలియదు. ఈ లిస్టు మీద ఓటు వెయ్యకండి."

ఆంటన్ వైపువాళ్ళు లేచి ఈలలేశారు, చప్పట్లు కొట్టారు. "కూర్చోండి!" అని అతనొక్క అరుపు అరిచాడు. "ఆవిడ అద్దానికి వెనకుంటే నేను పక్కింట్లో బొమ్మ వేస్తున్నాను. నాకూ కనబడలేదు. ఏ మొహం పెట్టుకుని చప్పట్లు కొడతాం?" ఈలలేసినవాళ్ళు కూర్చున్నారు.

ఓటింగు వాయిదా పడింది. అరవై ఒక్క తలుపులూ తట్టి చూడాలని, రెండు పక్షాలనుంచీ ఒక్కొక్కరు కలిసి వెళ్ళాలని తీర్మానించారు. ఎవరు వెళ్తారని అడగాల్సిన పని లేకపోయింది. వాళ్ళతోపాటే కారులో వచ్చి, ముందు వరసలో కోటుతో కూర్చున్న మిస్సెస్ పికెన్స్ చెయ్యెత్తింది.

"ఒక్క మాట. తలుపు తట్టి వెంటనే పారిపోకండి. నాలాంటిది కుర్చీలోంచి లేవాలంటే ముప్పై లెక్కపెట్టేంత సేపు పడుతుంది."

అలా కోరిన్, ఆంటన్ శనివారం మొదలుపెట్టారు. ఆకాశం బూడిదరంగులో ఉంది. తట్టడం, ముప్పై లెక్కపెట్టడం, రాయడం. ముప్పై అంటే చిన్న అంకె అనుకుంటాం గానీ ఖాళీ ఇంటి గుమ్మంలో నిలబడి చూడాలి! పదికల్లా లోపల ఏదో కదిలినట్టుంటుంది. ఇరవైకల్లా ఎవరో ఆ పక్కన తలుపుకి చెవి ఆనించి, వాళ్ళూ లెక్కపెడుతున్నట్టుంటుంది. ఐదో ఇంటిదగ్గరే ఇద్దరి భుజాలూ తగిలేంత దగ్గరగా వచ్చాయి. తర్వాత ఏ ఇంటి దగ్గరా దూరం జరగలేదు.

నలభై మూడో ఇల్లు. కోరిన్ తట్టింది. "ఒకటి, రెండు, మూడు..."

పన్నెండు దగ్గర ఆంటన్ అన్నాడు, "కోరిన్, నువ్వంటే నాకు ప్రాణం."

ఆమె ఆగలేదు. వేలు పెదవి మీద పెట్టుకుని, "పదమూడు, పధ్నాలుగు..." అంది. అతని మొహం పాలిపోయింది. పంతొమ్మిది దగ్గర మేడమీద ఏదో ధన్‌మని కొట్టుకుంది. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. గాలి. ఊడిన చెక్క. ఇరవై. ఇరవై ఒకటి. ఇన్నాళ్ళూ కారు దిగకుండా గుర్తులు పెట్టిన మనిషి, ఒక్క అంకె కూడా ఎగ్గొట్టడానికి ఒప్పుకోవడం లేదు.

"ముప్పై," అంది. తలుపుకి చెవి ఆనించి ఇంకో క్షణం విన్నది. అప్పుడు పెన్ను తీసి, నంబరు పక్కన ఏదో రాసి, కాగితం అతని వైపు తిప్పింది.

లోపల ఎవరూ లేరు. గుమ్మంలో ఇద్దరున్నారు.

ఆంటన్ రెండుసార్లు చదువుకున్నాడు. "ఇది కౌన్సిల్‌కి వెళ్ళే కాగితం," అన్నాడు.

"వెళ్ళనీ," అని కోరిన్ అతని చెయ్యి పట్టుకుంది. ఇంకా పద్దెనిమిది తలుపులు మిగిలే ఉన్నాయి.