రెండు సుడులు

మా ఇంటి వెనకవైపు గది నాది. పేరుకి గది గానీ, ఒక బల్ల, ఒక కుర్చీ, గోడకి అరలు పెట్టేసరికి మనిషి పక్కకి తిరగాలంటే ఊపిరి బిగబట్టాల్సిందే. ఆ బల్ల మీద నేను టోపీలు చేస్తాను. మనుషులకి కాదు, బొమ్మలకి. సైనికుల బొమ్మలు కొని, అతికించి, రంగులేసి, గాజు బీరువాల్లో పెట్టుకునే పిచ్చివాళ్ళు లోకంలో చాలామందే ఉన్నారు. బొమ్మతో వచ్చిన టోపీ వాళ్ళకి ఒక పట్టాన నచ్చదు. అంచు మందంగా ఉందంటారు, మడత తప్పంటారు, ఆ దళం వాళ్ళు అలా పెట్టుకోరంటారు. అప్పుడు నా దగ్గరికి వస్తారు. పలచటి ప్లాస్టిక్ రేకు, పుట్టీ, మందుబిళ్ళల అట్ట మీది వెండిరేకు, జిగురులో నానబెట్టిన టిష్యూ కాగితం ముందేసుకుని మొదట్నించీ కొత్త టోపీ కడతాను. "పొద్దున లేచింది మొదలు మావారికి జనానికి టోపీలు పెట్టడమే పని" అని మా ఆవిడ అందరి దగ్గరా నవ్వుతుంది. నేనూ నవ్వేవాణ్ణి.

ఈ పనిలో ఒక కిటుకు ఉంది. నిండు తల మీద టోపీ పెడితే అది పుట్టగొడుగులా పైకి తేలిపోతుంది. చూసేవాడికి ఎక్కడో తేడా కొడుతుంది, ఏమిటో చెప్పలేడు. అందుకని ముందు సన్న రంపంతో, చెవుల పైనుంచి అడ్డంగా, నెత్తిని కోసి తీసేస్తాను. ఆ కోత మీద టోపీ కూర్చుంటేనే మనిషి దాన్ని నిజంగా పెట్టుకున్నట్టు ఉంటుంది. కోసిన ముక్కల్ని పారెయ్యను, ఎప్పుడు దేనికి పనికొస్తాయో అని ఒక రేకు డబ్బాలో పడేస్తాను. గాజు బీరువాల ముందు నిలబడి మెచ్చుకునేవాళ్ళకి తెలియదు గానీ, నా చేతిలో పడ్డ ఏ సైనికుడికీ టోపీ కింద తల ఉండదు.

దాని గురించి ఏనాడూ నేను బాధపడలేదు. మిషను పిన్నిగారు వచ్చేదాకా.

ఆవిడ మా వెనక వీధిలో కుట్టుమిషను పెట్టుకుని బడిపిల్లల బట్టలు కుడుతుంది. నాకు చుట్టం కాదు. వీధి మొత్తానికి పిన్నిగారే. ఒక్కడే కొడుకు. సైన్యంలో చేరాడు, నిరుడు పోయాడు. వాడి ఫోటో ఒకటి కొంగు చాటున పట్టుకుని వచ్చింది. ఒక పక్కకి వాల్చి పెట్టుకునే బెరెట్ టోపీ, దాని కింద నవ్వు ఆపుకుంటున్న మొహం.

"జానెడు బొమ్మ చాలు బాబూ. కానీ టోపీ ఊడొచ్చేలా చెయ్యాలి" అంది.

"ఊడొచ్చేలానా? ఎందుకండీ?"

"వాణ్ణి తెచ్చినప్పుడు టోపీతోనే తెచ్చారు. దాని కింద కట్టు. తియ్యొద్దమ్మా అని పెద్ద ఆఫీసరెవరో నా చెయ్యి పట్టేసుకున్నాడు. మొహం చూడనిచ్చారు గానీ, నెత్తి నిమరనివ్వలేదు." ఆవిడ కాసేపు బల్ల మీది కుంచెల్ని చూస్తూ కూర్చుంది. "వాడికి రెండు సుడులు బాబూ. సెలవుకి వచ్చినప్పుడల్లా కూర్చోబెట్టి నూనె రాసేదాన్ని. ఇద్దరు పెళ్ళాలొస్తార్రా నీకు, ఇద్దరూ ఒకటై నీ మీద చీపురు తిరగేస్తారు అని ఏడిపించేదాన్ని. ఒక్కత్తీ రాలేదు."

"చేస్తానండీ. జుట్టు, రెండు సుడులు, అన్నీ చేస్తాను" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

వాడి పుట్టినరోజుకి కావాలంది. బొమ్మ తెప్పించాను. తల గోళీకాయంత ఉంది. మొహం దిద్దాను, నవ్వు ఆపుకుంటున్న పెదవులు దిద్దాను. చాలా బాగా కుదిరింది. ఆ సంబరంలో రేడియో వింటూ, ఏదో కూనిరాగం తీస్తూ పని చేసుకుపోతున్నాను. ఎన్నో ఏళ్ళుగా చేస్తున్న పని కదా, చెయ్యి తన దారిన తాను పోతుంది. కుడి చెవి పైన మొదలుపెట్టి చుట్టూ తిరిగి వచ్చి, టక్కున ఏదో ఊడి కింద పరిచిన చాప మీద పడేదాకా నేనేం చేస్తున్నానో నాకు తెలియలేదు.

చూశాను. చేతిలో రంపం ఉంది. చాప మీద వాడి నెత్తి ఉంది.

అప్పుడే వెళ్ళి చెప్పి ఉండాల్సింది. పిన్నిగారూ, పొరపాటైంది, ఇంకో తల తెప్పిస్తాను, నెల్లాళ్ళు ఆగండి అంటే ఆవిడ కాదనేది కాదు. ముక్కని మళ్ళీ అతికించి చూశాను. అతుకు గాటులా కనబడుతోంది. పుట్టినరోజు ముంచుకొస్తోంది. ఇక బద్ధకమో, భయమో, రెండూనో గానీ, ఆ ముక్కని డబ్బాలో పడేసి, అలవాటైన పద్ధతిలో కోత మీద పుట్టీతో బెరెట్ కట్టి, గట్టి జిగురుతో అంటించేశాను. ఆ మర్నాడే ఆవిడ తొంగిచూసింది.

"జుట్టు చేశావా బాబూ?"

"చేశానండీ."

"సుడులు?"

"రెండూ ఉన్నాయి. కాకపోతే టోపీ మటుకు తియ్యకండి, రంగు లేచిపోతుంది."

ఆవిడ మొహం ఒక్క క్షణం చిన్నబోయింది. ఆ ఆఫీసరు మాటే మళ్ళీ నా నోట విన్నదని నాకప్పుడు తట్టనేలేదు. "పోనీలే, కింద ఉన్నాయిగా, అదే చాలు" అని వెళ్ళిపోయింది. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

పుట్టినరోజు పొద్దున ఆవిడ వచ్చి బొమ్మ తీసుకెళ్తుందనగా, ముందురోజు సాయంత్రం వాన పట్టుకుంది. మా ఆవిడ వాళ్ళ అక్కని చూడ్డానికి ఆసుపత్రికి వెళ్ళింది. నేను బల్ల దగ్గర కూర్చుని టోపీ మీది బిళ్ళకి చివరి చుక్క రంగు పెడుతున్నాను. కిటికీ రేకు మీద వాన ఒకటే మోత. గదిలో ఎప్పుడూ ఉండే వాసనలే, రంగు, జిగురు, తడిసిన గోడ. చీకటి పడుతుండగా కరెంటు పోయింది. చార్జింగు దీపం వెలిగించుకున్నాను. దాని వెలుగు బల్ల దాటి పోవడం లేదు.

అప్పుడు ఇంకో వాసన వచ్చింది. తలనూనె వాసన. వెచ్చగా, దగ్గరగా, ఎవరో ఇప్పుడే తలకి రాసుకుని వచ్చి నా పక్కన నిలబడ్డట్టు.

మా ఇంట్లో ఎవరం నూనె రాసుకోం.

వెనక అరలో రేకు డబ్బా కదిలింది. ఎలక అనుకున్నాను. ఎలకైతే గబగబా పరిగెత్తాలి. ఇది నెమ్మదిగా ఉంది. ఒక ముక్క తీసి పక్కన పెట్టినట్టు, ఇంకోటి తీసి చూసినట్టు... ఎవరో ఓపిగ్గా, తమది ఏదో వెతుక్కుంటున్నట్టు. దీపం అటు తిప్పుదామనుకున్నాను. చెయ్యి లేవలేదు.

చప్పుడు ఆగింది.

"తియ్యి."

గుసగుస. వానలో కలిసిపోయేంత చిన్న గొంతు. వీధిలో ఎవరో అన్నారనుకుందామని చూశాను. కానీ అది నా చెవి పక్కనే ఉంది.

"ఎ... ఎవరు?"

"అమ్మ తీసి చూస్తుంది."

నా కళ్ళు బొమ్మ మీదే ఉన్నాయి. పెదవులు కదల్లేదు. నవ్వు ఆపుకుంటూనే ఉన్నాయి. నేనే టోపీ పట్టుకున్నాను. ఎందుకు పట్టుకున్నానో తెలియదు. బ్లేడుతో కోస్తే తప్ప రాని జిగురు అది... తడి కాగితంలా ఊడొచ్చింది. లోపల వెచ్చగా ఉంది.

దీపం దగ్గరికి జరిపాను. కోత చదునుగా ఉండాలి. నేనే ఆకురాయితో రుద్దాను. చదునుగా లేదు. అక్కడ చీకటి ఉంది. కుంచె కాడ ఆనించి చూశాను. దిగింది. ఇంకా దిగింది. బొమ్మ మొత్తం జానెడు. కుంచె జానెడు దాటి దిగిపోయింది... నా వేళ్ళు అంచుకి తగిలాయి. వదిలేశాను. కింద ఎక్కడా పడ్డ చప్పుడు రాలేదు.

"నా నెత్తి ఏది?"

"డబ్బాలో... డబ్బాలో వేశాను. తప్పైపోయింది. అమ్మకి చెప్తాను. పొద్దున్నే చెప్తాను."

వాన ఒకటే. చెప్పవని తెలుసులే అన్నట్టు, ఒక నిట్టూర్పు.

"పోనీ... నీకుందిగా."

కుడి చెవి పైన చల్లగా ఏదో ఆనింది. సన్నటి పళ్ళు. కర్... కర్... ఆ చప్పుడు నాకు కొత్త కాదు. రోజూ వినేదే. నొప్పి లేదు. అదే భయం. నొప్పి లేకుండా, తొందర లేకుండా, చెవి మీదుగా వెనక్కి... మెడ పైనుంచి... రెండో చెవి... నుదురు... నేను కేక పెట్టానో లేదో నాకు తెలియదు.

టక్.

కరెంటు వచ్చింది. బొమ్మ బల్ల మీద నిలబడి ఉంది. టోపీ దాని తల మీదే ఉంది, అంటించింది అంటించినట్టే. గబుక్కున తల తడుముకున్నాను. అంతా బాగానే ఉంది. అద్దంలో చూసుకున్నాను. బాగానే ఉంది. నా నెరిసిన జుట్టు, నా వెర్రి మొహం. రంపం చాప మీద ఉంది. దాని పళ్ళ మధ్య రెండు తెల్లవెంట్రుకలు. అవి ఎప్పటివో అయ్యుండవచ్చు, నేను ఎప్పుడూ దాని మీదికి వంగి పని చేసేవాణ్ణే కదా అని చెప్పుకున్నాను. డబ్బా మూత మటుకు తెరిచి చూడలేదు. కుంచె కోసం వెతికాను, దొరకలేదు.

మా ఆవిడ వచ్చి, "ఏమిటలా ఉన్నారు, దెయ్యాన్ని చూసినట్టు?" అంది. ఆకలేస్తోందన్నాను.

పొద్దున్నే పిన్నిగారు వచ్చింది, కొత్తచీర కట్టుకుని. బొమ్మని రెండు చేతుల్లోకి తీసుకుని, "వాడే బాబూ, వాడే" అని ఏడ్చింది. చెప్పాలి. మాట నాలుక చివరదాకా వచ్చింది. ఆవిడ తలెత్తి, "సుడులు ఉన్నాయిగా?" అని అడిగింది.

"ఉన్నాయండీ" అన్నాను.

ఆ తరవాత ఏమీ కాలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. దువ్వుకునేటప్పుడు దువ్వెన కుడి చెవి పైన ఒకచోట తట్టుకుంటుంది. అక్కడేదో సన్నగా లేచి ఉన్నట్టు. తడిమితే ఏమీ ఉండదు. మా ఆవిడ మాత్రం నా దిండు గలేబు ఉతుకుతూ, "ఎప్పుడు మొదలుపెట్టారండీ తలకి నూనె?" అంది.

నిన్న సాయంత్రం పిన్నిగారు ఫోన్ చేసింది. గొంతు ఎంతో తేలిగ్గా ఉంది. కొడుకు పోయాక ఆవిడ అలా మాట్లాడటం నేను వినలేదు.

"బాబూ, నువ్వు వద్దన్నావు గానీ, టోపీ తీసేశానయ్యా. చెయ్యి పెట్టగానే వచ్చేసింది. రంగేమీ పోలేదు. ఎంత బాగా చేశావు! జుట్టు ఎంత మెత్తగా ఉందో. రోజూ ఒక్క చుక్క నూనె వేసి, వేలితో నిమురుతున్నాను. నా ప్రాణం కుదుటపడింది."

నడినెత్తి మీద చల్లగా ఒక చుక్క పడ్డట్టయింది. పైన కప్పు పొడిగా ఉంది. ఆ చల్లదనం మెల్లగా గుండ్రంగా తిరుగుతోంది... ఒకచోట... తరవాత పక్కన ఇంకోచోట. నాకు ఒక్కటే సుడి.

"ఒక్కటే అడుగుదామని చేశాను బాబూ. మా వాడికి తెల్లవెంట్రుకలు లేవు కదా? ఇక్కడ రెండో, మూడో ఉన్నాయి."

"పిన్నిగారూ..."

"తప్పుపట్టడం లేదయ్యా. ఎవరిదో చూసి చేసుంటావు. ఇంకోటి, కుడి చెవి పైన సన్నగా గీత తగులుతోంది. చుట్టూ ఉంది. అతుకులా ఉంది. కింద మా వాడి జుట్టు ఉందేమో, గోరు పెట్టి లేపి చూడనా?"

వద్దు అనాలి. వద్దంటే ఎందుకని అడుగుతుంది. ఎందుకని అడిగితే, అసలు అక్కడ ఏమీ చెయ్యలేదని, అంతా అబద్ధమని ఆవిడకి చెప్పాలి. ఆ తేలికపడ్డ గొంతుకి చెప్పాలి.

"బాబూ? వింటున్నావా?"

నోరు తెరిచాను. చెవి పైన, దువ్వెన తట్టుకునే చోట, ఒక గోరు వచ్చి ఆగింది.